సీసం ముట్టని మేస్త్రీ

మా మామయ్యకి జన్మలో పడనివి రెండు: సీసం, పుట్టీ. కారు రేకుకి పడ్డ సొట్టని మొత్తం సుత్తితోనే సరిచేయాలంటే చాలా ఓపిక కావాలి. అది లేనివాళ్ళు సగం కొట్టి, మిగిలిన పల్లంలో సీసం కరిగించి నింపి, ఆకురాయితో నున్నగా రాసేస్తారు. అప్పటికీ మిగిలిపోయే సన్నని గుంటల మీద పుట్టీ పూస్తారు. మా ఇంట్లో పుట్టీ పూసేది మా నాన్న. అందువల్ల మామయ్యకి పుట్టీ మీదున్న కోపంలో పెద్ద వాటా మా నాన్నకే దక్కేది.

మామయ్య మా అమ్మకి స్వయానా అన్న. అమ్మని నాన్నకిచ్చి చేసిన ఏడాదే బావాబావమరుదులిద్దరూ కలిసి ఒక షెడ్డు అద్దెకి తీసుకున్నారు. వీధి వైపు సగం మామయ్యది. అక్కడ దాగలిగా వాడే రైలు పట్టా ముక్క, ఇసుక సంచులు, గోడకి వరసగా వేలాడే ఇరవై రెండు సుత్తులు ఉంటాయి. లోపలి సగం నాన్నది. దుమ్ము రాకుండా కట్టిన మందపాటి తెర వెనకాల రంగు డబ్బాలు, నీళ్ళ బకెట్టు, రుద్దడానికి ఉప్పుకాగితాలు ఉంటాయి. మామయ్య సరిచేసిన బండి తెర దాటి నాన్న దగ్గరికి వెళ్తుంది, రంగు వేసుకుని బయటికొస్తుంది. పక్క గదిలో నేను బోర్డులు రాస్తాను. కొట్ల పేర్లు, లారీల వెనక మాటలు, బండి నంబర్లు, ఏది అడిగితే అది.

వీధిలో అందరూ ఆయన్ని సుత్తి మేస్త్రీ అంటారు. మాట మొదలుపెడితే ఆపడు కాబట్టి ఆ పేరు రెండు విధాలా సరిపోయిందని మా అత్తయ్య అభిప్రాయం. ఆయన మాత్రం ఆ పేరుని నెత్తిన పెట్టుకుని తిరిగేవాడు. కొత్తగా ఎవరొచ్చినా జేబులోంచి చొక్కా గుండీ అంత అయస్కాంతం తీసి ఇచ్చేవాడు.

"నేను చేసిన రేకు మీద ఎక్కడైనా పెట్టి చూసుకోండి. ఇనుమైతే పట్టుకుంటుంది, సీసమైతే జారిపోతుంది. నా బండి మీద ఇంతవరకూ జారలేదు" అనేవాడు.

అంతటితో ఊరుకుంటే నాకేం బాధ లేదు. ఆదివారం రెండు కుటుంబాలూ కలిసి భోజనానికి కూర్చుంటే ఆయన నోరు నాన్న మీదికి మళ్ళేది. "ఏం బావా, గోడలకి సున్నం వేసే పని ఒకటుందట, నిన్ను అడగమంటావా?" అనేవాడు. మా అమ్మ ఏదైనా గిన్నెకి సొట్ట పడిందంటే, "మా బావకివ్వు, పూడ్చేస్తాడు" అనేవాడు. నాన్న నవ్వి, కొంచెం అన్నం వెయ్యమనేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. నువ్వూ ఒక మాట అనొచ్చు కదా నాన్నా అని ఇంటికొచ్చాక పోట్లాడేదాన్ని. "వాడి నోరు అంతేలే" అనేవాడు నాన్న. ఈ ముచ్చట ఏళ్ళ తరబడి నడిచింది. చెప్పేది నేను కాబట్టి ఆ కోపం ఈ కథలో అక్కడక్కడా కనిపిస్తే ఏమీ అనుకోకండి.

కోపం ఎంతున్నా, ఆయన పనిని తక్కువ చేసి చెప్పలేను. సొట్టని కళ్ళతో చూడడు. పల్చటి గుడ్డ పరిచి, దాని మీద ఎడమ చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని మెల్లగా జరుపుతాడు. రోజంతా సుత్తి పట్టిన కుడి చెయ్యి మొద్దుబారిపోతుందట, ఎడమదే నిజం చెబుతుందట. వెంట్రుకవాసి ఎత్తు తగిలినా ఆగి, సుద్దతో గీత పెడతాడు. తర్వాత వెనకనుంచి చెక్కదిమ్మ ఆనించి చిన్న చిన్న దెబ్బలు వేస్తాడు. పక్కగదిలో కూర్చుని ఆ చప్పుడు వింటే ఆయన ఏ మూడ్‌లో ఉన్నాడో చెప్పేయగలను.

ఇక ఆ కారు సంగతి. ఏ గుమాస్తాయో జీతంలోంచి కూడబెట్టి కొనుక్కునే నాలుగు తలుపుల సంసారపు కారది. అలాంటి కార్లలోనే వెనక సీట్లు పీకేసి, ఇంజను గట్టిపరిచి పందేలు పెట్టేవారు. టూరింగ్ కార్ల పందేలనేవారు. టైర్ల కొట్టు ఆసామి ఒకాయనకి ఆ పిచ్చి పట్టింది. ఒకే రకం కార్లు రెండు కొన్నాడు. ఒకటి పందేనికి, రెండోది సాధనకి. మెకానిక్కులు మొదటిదానికి పెద్దక్క అని, రెండోదానికి చిన్నక్క అని పేర్లు పెట్టారు. ఎరుపు రంగు, తలుపుల మీద తెల్లటి గుండ్రంలో నలభై ఒకటి. రేకు పనంతా మామయ్యది, రంగు నాన్నది.

మొదటి ఏడాది పెద్దక్క పదకొండు పందేలు పరిగెత్తి మూడింట్లో అందరికంటే వెనక వచ్చింది. ఒకసారి మలుపులో ఎడమ వెనక తలుపు ఊడి కంచె అవతల పడింది. దాన్ని బిగించింది ఇంజను మెకానిక్కు అని మామయ్య ఇప్పటికీ గట్టిగా చెబుతాడు. రెండో ఏడాదికి డ్రైవరు కుదురుకున్నాడు. ఆయన బక్కపల్చటి మనిషి, పగలంతా మందుల కొట్లో పనిచేసేవాడు, స్టీరింగు పట్టుకుంటే వేరే మనిషైపోయేవాడు. ఆ ఏడు రెండు పందేలు గెలిచారు. పందెం రోజున మామయ్య మైదానానికి వెళ్ళేవాడు గానీ ఒక్కటీ చూడలేదు. పాత టైర్ల గుట్ట వెనకాల అటు తిరిగి కూర్చుని, చప్పుడు వింటూ చుట్లు లెక్కపెట్టేవాడు. చూస్తే ప్రతి గుద్దూ తన వీపు మీద పడ్డట్టుంటుందట.

మూడో ఏడు అన్నిటికంటే ముందున్న కారు పెద్దక్కే. అలాంటిది సీజను సగంలో గోడకి గుద్దుకుంది. డ్రైవరు మోచేతి మీద చిన్న గీతతో బయటపడ్డాడు, కారు ముందు సగం మాత్రం అప్పడంలా అయిపోయింది. బుధవారం పొద్దున లారీ మీద షెడ్డుకి తెచ్చారు. ఆదివారం తర్వాతి పందెం. అది తప్పిస్తే టైటిలు మీద ఆశ వదులుకోవడమే. మామయ్య కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "చిన్నక్కని కూడా తీసుకురండి" అన్నాడు.

రెండు కార్లనీ ముందు తలుపుల దగ్గర, పైకప్పుని మోసే పిల్లర్ల అడుగున, నేల రేకుతో సహా అడ్డంగా కోశాడు. చిన్నక్క ముందు భాగాన్ని పెద్దక్క వెనక భాగానికి అతికాడు. వినడానికి తేలిగ్గా ఉంది కదా. వెంట్రుకంత తేడా వచ్చినా తలుపు పడదు, చక్రాలు ఒకటి ఒకవైపు, మరొకటి మరొకవైపు లాగుతాయి. మూడు రోజులు కన్ను మూయకుండా చేశాడు. శనివారం పొద్దున నాన్నకి అప్పగిస్తే సాయంత్రానికి ఎర్రగా బయటికొచ్చింది. ఆదివారం నాలుగో స్థానం వచ్చింది. ఆ పాయింట్లు పోగుపడే, సీజను చివరి పందెంలో వాన కురుస్తుంటే రెండో స్థానంలో వచ్చి కూడా టైటిలు కొట్టేసింది. ఆ రోజు మామయ్య టైర్ల గుట్ట వెనకాల తడుస్తూ, ఎవరో వచ్చి లాగేవరకూ లేవలేదట.

అప్పుడు నాకు నాలుగేళ్ళు. ఇదంతా నేను విన్నదే, కానీ ఎన్నిసార్లు విన్నానంటే చూసినట్టే ఉంటుంది. ఆ తర్వాత టైర్ల ఆసామి పందేలు మానుకున్నాడు. కారు చేతులు మారింది. ఒకాయన దానికి నీలం రంగు కొట్టించాడు. ఇంకొకాయన నర్సరీ మొక్కలు మోయించాడు. చివరికి ఒక పాక కింద పదకొండేళ్ళు పడుంటే కోళ్ళు ముందు సీటులో గుడ్లు పెట్టాయి.

దాన్ని కనిపెట్టినవాడు మా వీధి చివర ఉండే పళ్ళ డాక్టరు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న భుజాల మీద కూర్చుని ఆ వాన పందెం చూశాడట. ముప్పై నాలుగేళ్ళ తర్వాత కోళ్ళని తోలి, కారుని లారీ ఎక్కించి తిన్నగా మా షెడ్డు ముందు దింపాడు. మామయ్యకి డెబ్బై మూడేళ్ళు. పని మానేసి రెండేళ్ళయింది. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి, గుడ్డ పరిచి, ఎడమ చెయ్యి రేకు మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "పెద్దక్కే" అన్నాడు.

ఆ తర్వాతి పద్నాలుగు నెలలు మా ఇళ్ళల్లో పెళ్ళి సందడే. మామయ్య మళ్ళీ పొద్దున్నే షేవింగు చేసుకోవడం మొదలుపెట్టాడు. "కట్టుకున్నదాని కోసం ఇన్నేళ్ళలో గడ్డం గీసుకున్నది లేదు" అంటూనే అత్తయ్య ఫ్లాస్కులో టీ పోసి పంపేది. నేల రేకు, తలుపుల కింది బాడీ తుప్పుపట్టి చేతికొచ్చేస్తే కొత్తవి కొట్టాడు. నాన్నది ఇంకా ఓపిక పని. నీలం రంగుని నీళ్ళు, ఉప్పుకాగితంతో పొరపొరగా తీస్తూ, కింద తను వేసిన పాత ఎరుపు తగలగానే ఆగిపోవాలి. రోజుకి అరచేతి మేర నడిచేది. ఆ ఎరుపు మొదటిసారి బయటపడ్డ రోజున నన్ను పిలిచి చూపించాడు. "ఇది నా వేళ్ళ మీద ఉన్నప్పుడు నువ్వు నా చొక్కా పట్టుకు లాగేదానివి" అన్నాడు. నాకు చాలా సంతోషమేసింది.

అంతా కుదిరిందనుకుంటుండగా పాత పందెం కార్లని గుర్తించే సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. మీది పెద్దక్క కాదు, చిన్నక్క అన్నారు. కారణం సులువే. కారు నంబరు చెక్కిన రేకు ముందు భాగంలో ఉంటుంది. ముందు భాగం చిన్నక్కది కాబట్టి దాని మీద చిన్నక్క నంబరే ఉంది. నలిగిపోయిన పెద్దక్క ముందు భాగాన్ని ఆ రోజుల్లోనే పాత ఇనప సామాన్లవాడికి వేసేశారు. దాని నంబరు రేకు ఎలాగో ఎవరిచేతిలోనో పడి, ఇప్పుడు వేరే ఊళ్ళో ఇంకో కారుకి అంటించి ఉంది. అదే అసలు పెద్దక్క అని దాని యజమాని వాదన.

డాక్టరు వదల్లేదు. టైర్ల ఆసామి పాత పని పుస్తకం సంపాదించాడు. అందులో "బాడీ మధ్యలో కోసి అతికినది, సుత్తి మేస్త్రీ" అని ఒక లైను ఉంది. సంఘంవాళ్ళు అది చూసి, అతుకు చూపించండి, ఒప్పుకుంటామన్నారు. మరమ్మతు జరిగిన కారే టైటిలు గెలిచింది, కాబట్టి అతుకున్నదే అసలుది. పరీక్ష చేసే ఆయన పదో రోజున వస్తానని రాశాడు.

చిక్కేమిటంటే అతుకు కనిపించదు. నేల రేకు కొత్తది, కింది బాడీ కొత్తది. మిగిలింది రెండు పిల్లర్లే. అక్కడ మామయ్య వెల్డింగు చేసి, కొట్టి, రాసి ఎంత బాగా కలిపేశాడంటే తను చేసింది తనకే దొరకలేదు. అయస్కాంతం పెడితే ప్రతిచోటా బుద్ధిగా పట్టుకుంది. పళ్ళకి తీసే ఎక్స్‌రే తియ్యకూడదా అని అత్తయ్య అడిగింది. తన మిషను ఒక్క పంటికే కష్టపడుతుందని డాక్టరు చెప్పాడు. ఆ వారం మామయ్య భోజనం దగ్గర నాన్నని ఒక్క మాట అనలేదు. అది చూసి అందరికంటే ముందు భయపడింది నాన్నే.

ఒకరోజు మధ్యాహ్నం నేను తలుపు మీద నలభై ఒకటి రాస్తుంటే మామయ్య వచ్చి పక్కన స్టూలు వేసుకున్నాడు.

"అమ్మాయీ, ఒక మాట చెప్తాను. మీ నాన్నతో అనకూడదు."

"అయితే చెప్పకు మామయ్యా. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసుగా."

"కుడి పక్క పిల్లరు అడుగున బొటనవేలంత సీసం ఉంది."

నేను కుంచె ఎత్తేశాను. లేకపోతే ఒకటి కాస్తా ఏడయ్యేది.

"శనివారం పొద్దున" అన్నాడు. "ఆ మూల లోపలికి వంగి ఉంది, సుత్తి దూరలేదు. చేతులు నా మాట వినడం మానేశాయి. మీ నాన్న టీకి వెళ్ళాడు. చప్పున కరిగించి పెట్టేశాను. పైన తలుపు రబ్బరు పట్టీ వచ్చేస్తుంది, ఎవరికి కనిపిస్తుందిలే అనుకున్నాను. అదొక్కటే. నా జన్మలో అదొక్కటే."

నిజం చెప్పాలంటే ముందు నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఎన్నేళ్ళ ఆదివారం భోజనాలు కళ్ళముందు తిరిగాయి. తర్వాత ఆయన మొహం చూశాను. తన ఇంట్లో తనే దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా కూర్చున్నాడు. నా సంబరం అక్కడే ఆగిపోయింది.

"అది చూపిస్తే అతుకు దొరికినట్టే కదా" అన్నాను.

"దొరుకుతుంది. సీసం పక్కనే వెల్డింగు గీత కూడా ఉంటుంది. కానీ పరీక్ష రోజున నా శిష్యులిద్దరు వస్తామన్నారు. వాళ్ళకి సీసం డబ్బా ముట్టుకుంటే షెడ్డులోకి రావద్దని చెప్పినవాణ్ణి నేను. మీ నాన్న ముందు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"చెప్పకపోతే?"

"ఇది చిన్నక్కగా మిగిలిపోతుంది. పందేనికి ఒక్కసారి కూడా వెళ్ళని కారుగా."

నేను సలహా ఏమీ ఇవ్వలేదు. ఇచ్చి ఉండాల్సింది, కానీ ఏది చెప్పినా నాన్న కూతురిగానే చెప్పినట్టుంటుందనిపించింది. ఆయనే కాసేపు తలుపుకేసి చూసి, నంబరు బాగా కుదిరిందని చెప్పి వెళ్ళిపోయాడు.

పరీక్ష చేసే ఆయన చెప్పిన రోజున చెప్పిన టైముకి వచ్చాడు. తెల్లచొక్కా, మెళ్ళో భూతద్దం, చేతిలో పిడి ఉన్న చిన్న అద్దం. రెండు గంటలపాటు కారు కిందా మీదా చూశాడు. డాక్టరు ఆయన వెనకే తిరిగాడు. మామయ్య శిష్యులిద్దరూ ఇప్పుడు సొంత షెడ్లున్న మేస్త్రీలు, తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. నాన్న తెర పక్కన ఉన్నాడు. అత్తయ్య టీ గ్లాసులు పంచుతూ, మామయ్యకి ఇచ్చేటప్పుడు, "పది రోజులుగా ఏం మింగి కూర్చున్నారో ఇవాళైనా కక్కెయ్యండి" అని మెల్లగా అంది.

పరీక్షకుడు లేచి చేతులు తుడుచుకుని, "పని చాలా బాగుంది. అతుకు మాత్రం నాకు కనబడలేదు" అన్నాడు.

మామయ్య గ్లాసు కింద పెట్టాడు.

"కుడి పిల్లరు అడుగున రబ్బరు పట్టీ తీయండి. దాని కింద సీసం ఉంది. నేనే పెట్టాను."

శిష్యులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన వాళ్ళకేసి తిరిగి, "మీరు విన్నది నిజమే. సీసమే" అన్నాడు.

ఆ రబ్బరు పట్టీ కారుతో పుట్టినది. ఎండి కట్టెలా అయిపోయింది, లాగితే విరిగిపోతుంది. అలాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకదు, డాక్టరు పద్నాలుగు నెలలుగా వెతుకుతున్నాడు. అయినా, "పీకడం నా పనే" అంటూ తనే కూర్చుని లాగాడు. మూడు ముక్కలైంది. పరీక్షకుడు అయస్కాంతం పెట్టాడు. పట్టుకుంది. అంగుళం కిందికి జరిపాడు. పట్టుకుంది. పైకి, పక్కకి, మూలకి. ఎక్కడ పెట్టినా పట్టుకుంది.

మామయ్య ఆయన చేతిలోంచి అయస్కాంతం లాక్కుని తనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నాలుగుసార్లు పెట్టాడు. "ఉంది. ఇక్కడే ఉంది. నేనే పెట్టాను" అని తనలో తనే అనుకుంటున్నాడు. సీసం ముట్టనివాడన్న పేరు తన నోటితోనే పోగొట్టుకున్నాడు, దానికి బదులుగా కారుకి రావలసిన పేరూ రాలేదు. ఇటూ కాకుండా అటూ కాకుండా పోయాడు మా మామయ్య.

"పెద్దవారు, ఎన్నో ఏళ్ళ కిందటి మాట. పొరబడటం సహజమేనండి" అని పరీక్షకుడు మెత్తగా అని, పెన్ను క్యాపు పెట్టేశాడు.

"కుడి కాదు బావా" అన్నాడు నాన్న. "ఎడమ."

అందరం తిరిగి చూశాం. నాన్న తెర వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు.

"నువ్వు కారుకి ఎదురుగా నిలబడి చేశావు కదా. నీ కుడి చెయ్యి వైపు అంటే కారుకి ఎడమ పక్క."

మామయ్య లేవబోయి మళ్ళీ కూర్చుండిపోయాడు. డాక్టరు విరిగిన ముక్కలు చేతిలో పట్టుకుని, "అటుపక్క పట్టీ ఒక్కటే మిగిలింది. ఖాయమేనా అండీ?" అన్నాడు.

"దాన్ని రుద్ది రంగు వేసింది నేనే డాక్టరు గారూ. తీయండి."

ఎడమది ఇంకా మొండిది. స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తితే అది జారి పిల్లరు అంచున గోరంత గాటు పడింది. పట్టీ ఊడింది. పరీక్షకుడు అయస్కాంతం ఆనించి చెయ్యి తీశాడు. అది జారి ఆయన బూటు మీద పడింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడింది. డాక్టరుని అడిగి కొంచెం రంగు గీకాడు. బూడిదరంగులో మెరుస్తూ బొటనవేలంత సీసం, దాని పక్కనే సన్నగా వెల్డింగు గీత. ఆయన భూతద్దంలోంచి చాలాసేపు చూసి, పెన్ను క్యాపు తీసి, నిలబడే రాశాడు. తర్వాత ఆ కాగితం డాక్టరుకిచ్చి, "మీ పెద్దక్కే" అన్నాడు.

డాక్టరు ఆనందం పట్టలేక, "నేను రోజూ చేసేదీ ఇదే కదా మేస్త్రీగారూ. గుంట తోమి నింపుతాను. నన్నెవరూ ఏమీ అనరు" అన్నాడు. అత్తయ్య ఒక్కతే నవ్వింది. శిష్యుల్లో పెద్దవాడు మామయ్య దగ్గరికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని లేపి స్టూలు మీద కూర్చోబెట్టాడు.

మామయ్య ఎవరికేసీ చూడలేదు, ఒక్క నాన్నకేసి తప్ప.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ శనివారమే. కాగితం పెట్టి రుద్దితే నల్లగా అంటింది. సీసం కాకపోతే ఇంకేమిటి?"

"ఇన్నేళ్ళూ తెలిసీ ఊరుకున్నావా? నేను అన్నన్ని మాటలంటుంటే, అందరిముందూ, నీ కూతురి ముందు. ఒక్కసారి పిల్లరు అంటే చాలుగా. నా నోరు పడిపోయేది."

ఆ ప్రశ్న నేనూ అడగాలనుకున్నదే. నాన్న గోడ మీది సుత్తులకేసి చూశాడు.

"అనాలని చాలాసార్లు నాలిక చివరిదాకా వచ్చింది బావా. అంటే ఇంక నువ్వు సుత్తి పట్టుకున్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది నీకు. నాకెందుకులే అనుకున్నా. నువ్వు సీసం పెట్టావని నాకేమీ అనిపించలేదు. టీకి వెళ్ళే ముందు ఆ మూల నేను పుట్టీతో చూస్తానని అడిగాను, గుర్తుందా? వద్దన్నావు. నేను అటు వెళ్ళగానే సీసం కరిగించుకున్నావు. నా చేత పెట్టించుకోవడం కంటే అదే నయమనిపించింది నీకు. అదొక్కటే కొంచెం కష్టమనిపించింది."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. మాటకి మాట అనలేని మెతక మనిషి అనుకున్నాను మా నాన్నని, నా ముప్పై తొమ్మిదేళ్ళూ.

మామయ్య లేచి ఎడమ పిల్లరు దగ్గరికి నడిచాడు. స్క్రూడ్రైవరు చేసిన గాటు మీద ఎడమ చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని చూశాడు. అలవాటు కొద్దీ చిన్న సుత్తి అందుకున్నాడు. దాన్ని ఒకసారి తిప్పి, కారు పైన కాదు, పక్కన బల్ల మీద పెట్టేశాడు.

"బావా" అన్నాడు, "ఇక్కడ కొంచెం పుట్టీ పెడతావా?"

నాన్న వేళాకోళమేమో అని చూశాడు. కాదు.

"ఎంత పెట్టను?"

"నాకేం తెలుసు. నువ్వు చెప్పాలి."

నాన్న తెర పక్కకి జరిపి లోపలికెళ్ళి డబ్బా తెచ్చుకున్నాడు. ఆయన పలక మీద పుట్టీ కలుపుతుంటే, మామయ్య పక్కనే నేల మీద చతికిలబడి, ఆ మూలకి వెలుతురు సరిగ్గా పడేలా దీపం పట్టుకుని కూర్చున్నాడు.